నీడకు కట్టేసిన బర్రె

పాలావిడ మొదటిసారి మా గుమ్మంలో నిలబడి అడిగిన మాట మా ఇద్దరికీ అర్థం కాలేదు.

“సల్ల గావాల్నా చెల్లె, పాలు గావాల్నా?”

కాపురానికి వచ్చి నెల కూడా కాని నా భార్య, చల్లగా కావాలా అని అడుగుతున్నదనుకుని, “వద్దండీ, మేం వేడిగానే తాగుతాం” అంది. ఆవిడ నెత్తి మీది పాలక్యాను దించి మెట్టు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మజ్జిగను ఇక్కడ సల్ల అంటారని మాకు అప్పుడు తెలిసింది. ఆ నవ్వుతోనే మా ఇంట్లో వాడుక పాలు మొదలయ్యాయి.

మాది తెనాలి దగ్గర పల్లె. ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని, పటాన్‌చెరు వైపు ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వస్తే ట్రంకు పెట్టెతో దిగాను. మేం ఇల్లు తీసుకున్న కాలనీలో అప్పటికి ఇరవై ఇళ్ళు కూడా లేవు. వెనకంతా బీడు, తుమ్మ చెట్లు, ఒక చిన్న కుంట. పాలావిడది కర్దనూరు. ఆరు గేదెలుండేవి ఆవిడకి. పొద్దున్నే పాలు పితికి, క్యాను నెత్తిన పెట్టుకుని నడిచొచ్చేది. వెనకాలే గేదెలను తోలుకొచ్చి ఆ బీట్లో వదిలేది. అవి మేసి, కుంటలో పడుకుని, సాయంత్రం తమంతట తామే లేచి ఊరి దారి పట్టేవి.

మా అమ్మాయి పుట్టి ఎనిమిదో నెల నడుస్తుండగా నా భార్యకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు, గోళ్ళు పసుపు పూసినట్టయిపోయాయి. డాక్టరు, బిడ్డకు పాలివ్వొద్దన్నాడు, దగ్గర పడుకోబెట్టుకోవద్దన్నాడు. మా అమ్మ కాలు విరిగి మంచంలో ఉంది. అత్తగారు అప్పటికే లేరు. నాకు పొద్దున ఆరింటి షిఫ్టు. సెలవు పెట్టి రెండు రోజులు ఇంట్లో ఉన్నాను కానీ, ఉండి చేసిందేమీ లేదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. మూడో రోజు పాలావిడ వచ్చి, గిన్నె కోసం చూడకుండా నా చేతుల్లోకి చూసింది.

“ఏంది సారూ, పోరిని గట్ల వట్టుకున్నవ్, ఇటుకలు మోస్తున్నట్టు? ఇయ్యి ఇటు.”

“మీకెందుకమ్మా శ్రమ...”

“శ్రమేంది? నువ్వు డ్యూటీకి వో. మా చెల్లె లేచి నడిసేదాంక పోరి నాతోనే తిరుగుతది.”

పిల్లను చంకన వేసుకుని, క్యాను నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి దాదాపు నెల్లాళ్ళు మా అమ్మాయి ఆవిడ చంకలోనే కాలనీ అంతా తిరిగింది. ఒక ఇంట్లో జావ పట్టేవారు, ఒక ఇంట్లో స్నానం చేయించేవారు. ఆరు గేదెల్లో ఒకదాని పాలే విడిగా పితికి పిల్లకు తెచ్చేది. ఒక్క బర్రె పాలైతేనే పోరికి అరుగుతయి, కలపొద్దు అనేది. గేదె పాలు చిక్కన కాబట్టి నీళ్ళు కలిపి పట్టమన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ మొహం చూడాలి.

“ఇన్నవా చెల్లె? డాక్టరే నీళ్లు గలపమన్నడు. ఇగ ఈ కాలనీల నన్నెవ్వరు అడగొద్దు.”

తలుపు అవతల, చాప మీద పడుకుని ఉన్న నా భార్య నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు.

రెండింటికి షిఫ్టు దిగి నేను నేరుగా కుంట దగ్గరకు పోయేవాణ్ణి. గట్టు మీద గోనె సంచి పరిచి ఉండేది. దానిమీద మా అమ్మాయి నిద్రపోతుండేది. పొద్దు వాలిన వైపున, పిల్లకు నీడ పడేట్టు ఒక గేదె పడుకుని నెమరేస్తుండేది. దాని కడుపు ఎగసిపడుతుంటే పిల్ల చెయ్యి కూడా దానితో పాటు లేచి దిగేది. ఆవిడ పక్కన కూర్చుని తుంగతో ఏదో అల్లుకుంటూ ఉండేది. నాకు భయం వేసి, “గేదె లేస్తే?” అని అడిగితే, “లెవ్వది. పోరి ఉన్నదని దానికి ఎర్కే” అంది. పిల్ల తాగే పాలు ఆ గేదెవే.

నా భార్య కోలుకుంది. అమ్మాయి పెరిగింది. పాలావిడ మాత్రం పాతికేళ్ళకు పైగా అదే వేళకు వచ్చేది. తర్వాత మెల్లిగా అన్నీ మారాయి. బీట్లో హద్దురాళ్ళు నాటారు. కుంటను మట్టితో పూడ్చారు. కర్దనూరు వైపు వాళ్ళ పొలం కూడా ప్లాట్లయింది. మేత దొరక్క ఆవిడ గేదెలు ఆరు నాలుగయ్యాయి, రెండయ్యాయి. ఒకరోజు చేతిలో క్యాను లేకుండా వచ్చి గేటు దగ్గర నిలబడింది.

“ఇగ రేపటి సంది రాను చెల్లె. ఆఖరి దాన్ని గూడ అమ్మి తోలేసిన.”

నా భార్య బొట్టు పెట్టి చీర, జాకెట్టు గుడ్డ ఇచ్చింది. ఇద్దరూ కాసేపు మెట్ల మీద కూర్చున్నారు. మర్నాటి నుంచి మేం ప్యాకెట్ పాలు తెచ్చుకున్నాం. తర్వాత కొన్నేళ్ళకు, ఆవిడకు కళ్ళల్లో నీటికాసులు వచ్చి చూపు పోతోందని విన్నాం. ఒక ఆదివారం వెళ్ళి చూసొద్దామని అనుకునేవాళ్ళం. చాలా ఆదివారాలు అనుకున్నాం.

నేను రిటైరయిన కొన్నేళ్ళకు, ఆ పూడ్చిన కుంట స్థలంలోనే మున్సిపాలిటీ వాళ్ళు పార్కు వేశారు. నడిచే బాట, బెంచీలు, పిల్లలకు జారుడుబల్ల. మధ్యలో ఒక శిల్పం పెట్టాలని కాలనీ సంఘం అనుకుంది. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక అమ్మాయిని పిలిచారు. శిల్పకళ చదువుకున్న పిల్ల. ముప్పై దాటి ఉండవు. ఏం చెయ్యాలో ముందు మీరే చెప్పండి, విన్న తర్వాతే పని మొదలుపెడతానని షరతు పెట్టిందట. అందుకని అందరినీ పార్కులోనే కూర్చోబెట్టారు.

వినాయకుడన్నారు ఒకరు. ఉన్న గుడి చాలదా అన్నారు ఇంకొకరు. నాయకుల పేర్లు రాగానే గొంతులు లేచాయి. పక్క కాలనీలో హంసలున్నాయి కాబట్టి మనం నెమలి పెట్టాలన్నాడు ఒకాయన. ఆ అమ్మాయి పుస్తకంలో ఏమీ రాసుకోలేదు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగింది.

“పార్కు కాకముందు ఈ జాగల ఏముండె?”

“ఏముంటది? బీడు. ఏం లేకుండె” అన్నాడు సంఘం అధ్యక్షుడు.

“గేదెలుండేవి” అంది నా భార్య.

ఆమె పదిమందిలో మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. జనం నవ్వారు. “బర్రెనా? పార్కుల బర్రె బొమ్మనా?” అని అధ్యక్షుడు కూడా నవ్వాడు. “అది యముని వాహనం గదమ్మా. పొద్దున వాకింగుకు వచ్చెటోళ్ళల్ల సగం మందిమి బీపీ, షుగరోళ్ళమే. ఎదురుంగ యముని వాహనమా?”

“యముడిది దున్నపోతు సార్” అంది శిల్పి అమ్మాయి. తర్వాత నా భార్య వైపు తిరిగి, “చెప్పండి ఆంటీ, ఎవరి గేదెలు?” అంది.

నా భార్య చెప్పింది. కామెర్ల గురించి, చంకలో తిరిగిన పిల్ల గురించి చెప్పింది. అప్పుడు కుట్టుమిషను నడిపే ఆవిడ లేచి, తను కాన్పుకు పోయినప్పుడు పెద్దపిల్లాడు పాలావిడ దగ్గరే ఉన్నాడని చెప్పింది. వానాకాలం వాగు పొంగి బస్సులు ఆగిపోయిన రోజు కూడా నడుం లోతు నీళ్ళలో పాలు తెచ్చిందని ఒకాయన గుర్తుచేశాడు. ఇంకొకాయన, ఆవిడ గేదె ఒకటి తన పాలకూర మడి మొత్తం మేసిపోయిందని, ఆ కోపం తనకు ఇంకా తగ్గలేదని అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరేగా ఉంది. ఏళ్ళ తరబడి పక్కపక్కన ఉంటున్న మేమంతా ఒకే మనిషి చేతి పాలు తాగామని ఆ రోజే గుర్తుకొచ్చింది. అధ్యక్షుడు కాసేపు తల గోక్కుని, “మా అమ్మాయి గూడ ఆమె పాలే తాగింది తియ్యి” అన్నాడు.

“ఇనుముతో చేద్దాం” అంది శిల్పి అమ్మాయి. “వెల్డింగు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?”

అందరూ నా వైపు చూశారు. “ఆయన కళ్ళకి ఆపరేషనైందమ్మా” అంది నా భార్య వెంటనే. పక్కన ఉండి చూస్తానని మాత్రమే చెప్పాను. వారం తిరక్కుండా వెల్డింగు ముసుగు మొహానికి పెట్టుకున్నాను.

పారిశ్రామికవాడలో నా దగ్గర పని నేర్చుకున్నతను ఒక షెడ్డు నడుపుతున్నాడు. అందులో ఒక మూల ఇచ్చాడు. రేకు ముక్కలు, పాత పైపులు, సైకిలు చైన్లు, కాలనీ వాళ్ళు ఇళ్ళల్లోంచి తెచ్చిచ్చిన తలుపు గొళ్ళేలు, గడపారలు, ఒక కుట్టుమిషను చక్రం, అన్నీ పోగుపడ్డాయి. ఉద్యోగమంతా నేను బాయిలర్లకు, పెద్ద పెద్ద ట్యాంకులకు అతుకులు వేశాను. వెంట్రుకంత వంకర పోయినా పని తిప్పి పంపేవాళ్ళు. ఈ అమ్మాయేమో వంకర కావాలంటుంది.

“అంకుల్, మీ గీత మరీ సక్కగ ఉంది. జెర వదులు చెయ్యండి.”

“ముప్పై నాలుగేళ్ళు సక్కగా వెయ్యమనే జీతమిచ్చారమ్మా” అన్నాను. నవ్వి, పైపు ముక్క నా చేతికిచ్చి, “కళ్ళు మూస్కోని వంచండి” అంది.

నెలన్నరకు గేదె లేచి నిలబడింది. నాలుగు కాళ్ళ మీద, తల ఎత్తి, కొమ్ములు గుండ్రంగా వెనక్కి తిరిగి, చాలా ఠీవిగా ఉంది. నాకు గర్వంగా అనిపించింది. చుట్టుపక్కల షెడ్ల నుంచి ఒడిశా, బీహారు కుర్రాళ్ళు వచ్చి దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఇక పాలావిడకు చూపిద్దామనుకున్నాం. షెడ్డులో కర్దనూరు నుంచి వచ్చే పనివాడు ఒకతను ఉంటే అతనితో కబురు పెట్టాం. ఆదివారం ఆవిడ కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు అతను. తల నెరిసిపోయింది.

ఆవిడ చిన్నగా అయిపోయింది. కొడుకు భుజం పట్టుకుని నడుస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడటం లేదు. నా భార్య వెళ్ళి చెయ్యి పట్టుకోగానే, “చెల్లె” అంది. ఎవరూ చెప్పలేదు. చేతి మీది గాజులు తడిమి, “సన్నగయ్యినవ్. తింటలేవా?” అంది.

గేదె దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆవిడ రెండు చేతులూ చాపి దాని మెడ మీద పెట్టింది. మెడ నుంచి మూపు, మూపు నుంచి వీపు, అక్కడి నుంచి కడుపు. చేతులు నెమ్మదిగా, ఎక్కడా ఎత్తకుండా పోతున్నాయి. వెనక్కు వచ్చి కొమ్ములు పట్టుకుంది. తర్వాత చేతులు దులుపుకుంది.

“ఇది బర్రె గాదు సారూ.”

“మరి?”

“కొమ్ములున్న గుర్రం.”

షెడ్డంతా గొల్లుమంది. నేను నవ్వలేదు. ఆవిడ నా గొంతు వచ్చిన వైపు తిరిగి, మెల్లిగా చెప్పింది. “బర్రె నడుము ఎన్క రెండు ఎముకలు పొడుసుకోని ఉంటయి. నీ దానికి లెవ్వు. మేసినంక కడుపు ఎడమకు జారుతది. నీది నున్నగ డబ్బా లెక్క ఉన్నది. మల్ల, తల ఎత్తుకోని గిట్ల ఎవరు నిలబెడ్తరు ఎర్కేనా? అంగడిల అమ్మెటోళ్లు. కొనెటోడు సూడాలని. ఇంటి బర్రె గిట్ల నిలబడది. పండుకోని నెమరేస్తది.”

శిల్పి అమ్మాయి అక్కడే నేల మీద చతికిలబడి కాగితం తీసింది. “ఎట్ల పండుకుంటది అవ్వా?”

ఆవిడ మాటలతో చెప్పలేదు. కొడుకు వద్దంటున్నా కింద కూర్చుని, ఒక చెయ్యి లోపలికి మడిచి, ఒకటి ముందుకు చాపి, తల కొంచెం పక్కకు వాల్చి చూపించింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, సిమెంటు నేల మీద, గేదె పడుకున్నట్టు పడుకుంది. ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదని నా భార్య గమనించింది. “కోపమొచ్చిందా?” అని అడిగింది. రాలేదన్నాను. నిజానికి వచ్చింది. నెలన్నర పని. కానీ పడుకుని ఆలోచిస్తే, గోనె సంచి మీద నిద్రపోతున్న పిల్లకు నీడ పట్టిన గేదె కళ్ళముందు కనిపించింది. నేను రోజూ చూశాను దాన్ని. చూసి కూడా అంగడి గేదెను చేశాను. మర్నాడు వెళ్ళి కాళ్ళ దగ్గర నుంచి కోసేశాను.

ఆ తర్వాత పది ఆదివారాల దాకా పాలావిడ వస్తూనే ఉంది. కొడుక్కు డ్యూటీ పడితే నేనే స్కూటరు మీద ఊరి బస్టాపు దాకా పోయి, కోడలు అక్కడికి నడిపించుకొస్తే తీసుకొచ్చేవాణ్ణి. నేను పైపు వంచి చల్లారాక ఆవిడ తడిమి చూసేది. ఇక్కడ లొట్ట, ఇక్కడ బొక్క, ఇక్కడ తోలు ముడత అనేది. బొక్కంటే ఇక్కడ ఎముకని అప్పటికి నాకు తెలుసు. చెవులు మూడుసార్లు చేశాను. మూడోసారి చెవిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు నిమిరింది. ఆ చెవి అలాగే ఉంచాం.

ఒక ఆదివారం ఎడమ కొమ్ము చివర విరగ్గొట్టమంది. మా అమ్మాయికి పాలిచ్చిన గేదెకు, దూడగా ఉన్నప్పుడు ముళ్ళకంచెలో ఇరుక్కుని కొమ్ము విరిగిందట. నాకు తెలియదు. నా భార్యకు గుర్తుంది. విషయం అధ్యక్షుడి దాకా పోయింది. “కొత్త బొమ్మకు ఇరిగిన కొమ్మేంది? పనోళ్లు మోసం చేసిన్రు అంటరు” అని ఆయన షెడ్డుకే వచ్చాడు. పాలావిడ ఆయన గొంతు విని, “నువ్వు మూల సందుల పచ్చగేటు ఇల్లు గదా? మీ బిడ్డ పాలు తాగనని ఏడుస్తుంటే, ఇరిగిన కొమ్ము బర్రె వస్తది అని బెదిరిస్తుండె మీ ఆమె” అంది. ఆయన సరే మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు.

గేదె పక్కన పాలావిడ బొమ్మను కూడా కూర్చోబెట్టాలని శిల్పి అమ్మాయికి కోరిక. ఎన్నో విధాల అడిగింది. ఆవిడ ఒప్పుకోలేదు.

“నన్నెందుకు బిడ్డా? బతికున్నోళ్లకు బొమ్మలు వెట్టొద్దు. బర్రెను వెట్టు సాలు. ఒక్కటి జెయ్యి, ఈపు జెర ఎడల్పు జెయ్యి. పోరగాండ్లు ఎక్కుతరు గదా, జారి పడొద్దు.”

వీపు నాలుగు వేళ్ళు వెడల్పు చేశాం. అంచులన్నీ అరచేతితో తడిమి చూసి, గరుకు తగిలిన చోటల్లా అరగదీశాను.

పార్కు మధ్యలో అప్పటికే గ్రానైటు పలకలతో దిమ్మె కట్టించారు. దించడానికి క్రేను వచ్చిన రోజు పాలావిడను కూడా తీసుకొచ్చాం. మార్చి నెల. పదకొండు గంటలకే ఎండ చురుక్కుమంటోంది. కొడుకు చెయ్యి పట్టుకుని దిమ్మె దాకా వచ్చి, నిలబడి, మొహం పైకెత్తింది.

“సారూ, ఈడ నీడ లేదు.”

“లేదమ్మా. మధ్యలో కదా, నాలుగు వైపులకీ కనపడాలని.”

“నడెండల బర్రెను ఎవడు కట్టేస్తడు? దాని ఒళ్లు కాల్తది.”

క్రేను వాడు నవ్వాడు. శిల్పి అమ్మాయి నవ్వలేదు. పలక మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. నాకు అప్పుడు తట్టింది. ఇనుము. ఏప్రిల్, మే ఎండలకు ఆ వీపు మీద ఏ పిల్ల కూర్చున్నా తొడలు బొబ్బలెక్కుతాయి. జీవితమంతా ఇనుముతో బతికినవాణ్ణి, ముసుగులు, చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకునే వాళ్ళుంటారని ఆలోచించలేదు. చదువుకున్న పిల్లకూ తోచలేదు. చూపు లేని మనిషికి తోచింది.

అధ్యక్షుడితో గంటసేపు వాదన నడిచింది. దిమ్మె ఏం చెయ్యాలంటాడు. చివరికి పూలకుండీ పెట్టుకోమన్నాం. పార్కు తూర్పు మూల పెద్ద కానుగ చెట్టు ఉంది. పార్కు వేసినప్పుడు ఎందుకో కొట్టకుండా వదిలేశారు. దాని కింద, దిమ్మె లేకుండా, నేల మీదే గేదెను దించాం. దించుతుంటే పాలావిడ చేతులతో సైగ చేస్తూ, “మొగం పడమటికి దింపున్రి, పడమటికి” అని అరిచింది. ఎందుకని అడిగితే, సాయంత్రం ఇంటికి పోయే దారి అటే గదా అంది.

ప్రారంభోత్సవానికి వార్డు సభ్యుడు పదింటికి వస్తానని పన్నెండుకు వచ్చాడు. అప్పటికే రిబ్బను తెగిపోయి ఉంది. గేదె మీద అయిదుగురు పిల్లలున్నారు. దించితే మళ్ళీ ఎక్కుతున్నారు. ఆయన మంచివాడు, పిల్లలను అలాగే ఉంచి ఫోటో తీయించుకుని, రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు.

మా అమ్మాయి మియాపూర్ నుంచి వచ్చింది. నలభైకి దగ్గరపడింది. ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి. ఆ కథంతా చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది కానీ తనకేమీ గుర్తులేదు. పాలావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “అవ్వా, నేనే” అంది.

ఆవిడ చేతులు తల మీద పడ్డాయి. నుదురు, కనుబొమలు, ముక్కు, చెవులు. గేదెను తడిమిన చేతులే, అంత నెమ్మదిగానూ. తర్వాత భుజాలు పట్టుకుని ఊపింది.

“ఎంత పెద్దగయ్యినవే! ఇగ నా సంకల పట్టవు.”

మా అమ్మాయి ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. ఏడవడం నాకు వినపడింది. చూడలేక నేను పక్కకు తిరిగి గేదె అతుకులు చూస్తున్నట్టు నటించాను.

సాయంత్రం కొడుక్కు డ్యూటీ ఉందని ఆవిడను మేమే కారులో దిగబెట్టడానికి బయలుదేరాం. నేను, నా భార్య, మా అమ్మాయి. బస్టాపు దాటి ఊళ్ళోకి తిరిగాక, కారు నడుపుతున్న అమ్మాయి, “ఇల్లు ఎటు నాన్నా?” అని అడిగింది.

నాకు తెలియదు. నా భార్య వైపు చూశాను. ఆమెకూ తెలియదు. పాతికేళ్ళకు పైగా ఆ మనిషి మా గుమ్మానికి వచ్చింది. మా వంటింట్లోకి వచ్చింది. మా మంచం మీద పిల్లను పడుకోబెట్టింది. ఆవిడ ఇల్లు ఏ సందులో ఉందో మా ఇద్దరికీ తెలియదు. మా అమ్మాయి అద్దంలోంచి నన్ను చూసి, చూపు తిప్పుకుంది. పాలావిడ వెనక సీట్లోంచి, “బొడ్రాయి దాటినంక ఎడమకు మలుపు బిడ్డా” అంది, మామూలుగా.

చిన్న డాబా ఇల్లు. వెనక ఖాళీగా ఉన్న కొట్టం, అందులో రెండు మోటారు బండ్లు పెట్టి ఉన్నాయి. మేం లోపలికి రాకుండానే వెళ్ళిపోతామేమోనని కోడలు గుమ్మంలోనే నిలబడింది. “లోపటికి రాన్రి, చాయ్ తాగి పోన్రి” అంది. మంచం మీద దుప్పటి దులిపి పరిచింది.

చాయ్ గ్లాసులు వచ్చాయి. పాలావిడ చెయ్యి చాపి నా భార్య మోకాలు వెతుక్కుంది. ఇన్నాళ్ళూ ఏ మాటకూ వెనక్కు తగ్గని మనిషి, సిగ్గుపడుతూ గొంతు తగ్గించి అంది.

“పాకిట్ పాలే చెల్లె. ఏమనుకోకు.”

నా భార్య గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని తాగింది. నెమ్మదిగా, చివరిదాకా.

“బాగుందక్కా” అంది. “ఇంకో సగం గ్లాసు పొయ్యమను. మేం తొందరగా పోము.”

కోడలు మళ్ళీ స్టవ్ వెలిగించింది. పాలావిడ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని, “ఇగ చెప్పు సారూ, మీ దిక్కు వానలెట్లున్నయి?” అని అడిగింది. మా దిక్కు అంటే తెనాలి. అక్కడ మాకిప్పుడు ఎవరూ లేరని చెప్పడానికి మనసు రాలేదు. బాగానే పడ్డాయని చెప్పాను.